‘గోరా’ నవలలో కొత్త మతం, పాత సంఘం

రవీంద్రనాథ ఠాకూరు ‘గోరా’ నవల 1907 నుండి 1909 వరకు ‘ప్రవాసి’ పత్రికలో ధారావాహికంగా వెలువడి, 1910లో గ్రంథరూపం ధరించినది. నాటి నుండి విమర్శకులు దీనిని జాతీయతా నవలగా, భారతీయత అంటే ఏమిటి అన్న ప్రశ్నకు సమాధానం వెదకిన మహాగ్రంథంగా వ్యాఖ్యానిస్తూ వచ్చినారు. ఆ వ్యాఖ్యానం తప్పు కాదు. కాని అది కథానాయకుని చుట్టూ మాత్రమే తిరుగుతుంది. గోరా ఉపన్యాసాలను పక్కకు తొలగించి చూస్తే, నవలలో అధికభాగం ఒక బ్రాహ్మ కుటుంబం ఇంటిలో జరుగుతుంది. అక్కడి చర్చలు దేశాన్ని గురించి ఆరంభమైనా, ఎవరి ఇంట ఎవరు తినవచ్చును, ఎవరు ఎవరిని పెండ్లాడవచ్చును, ఒక వితంతువు తన ఠాకూరు విగ్రహాన్ని ఏ గదిలో పెట్టుకోవచ్చును అన్న ప్రశ్నల వద్దకు వచ్చి చేరుతాయి. ఈ ప్రశ్నలన్నింటికీ మూలం ఒకటే. అంతరాత్మ ప్రబోధంపై ఒక తరం స్థాపించుకొన్న మతం, ఆ తరం పిల్లలు యౌవనంలో అడుగు పెట్టేసరికి ఏమవుతుంది? ‘గోరా’ నవలకు ఇది రెండవ వస్తువు. మొదటి వస్తువు కంటే నవలాకారుని చేయి దీనిలోనే నిబ్బరంగా నడచినది.

కథాకాలం నవలలోనే స్పష్టం. గోరా 1857 తిరుగుబాటు కాలంలో పుట్టినవాడు. కథ జరిగేనాటికి ఇరవై దాటిన యువకుడు. అనగా 1880 పరిసరాల కలకత్తా. ఆ నగరంలో అప్పటికి బ్రాహ్మసమాజం అర్ధశతాబ్ది వయస్సు గలది. 1828లో రామమోహనరాయలు ఆరంభించిన ఉపాసనాసభను, 1843లో దీక్ష స్వీకరించిన దేవేంద్రనాథ ఠాకూరు ఒక సంప్రదాయంగా తీర్చినాడు. ఆయన చేరదీసిన యువకుడు కేశవచంద్రసేన్ వేదిపై కూర్చుండే ఉపాచార్యులకు యజ్ఞోపవీతం ఉండరాదని పట్టుబట్టినాడు. 1866లో సమాజం రెండైనది. దేవేంద్రనాథునిది ఆది బ్రాహ్మసమాజం, కేశవునిది భారతవర్షీయ బ్రాహ్మసమాజం. పన్నెండేండ్లు గడిచినవో లేదో, కేశవుడు తన కుమార్తెను కూచ్‌బిహార్ రాకుమారునికిచ్చి వివాహం చేసినాడు. తాను పోరాడి సాధించిన చట్టం నిర్ణయించిన వయస్సు ఆ వధూవరులిద్దరికీ నిండలేదు. అది భగవదాదేశమని ఆయన సమర్థించుకొన్నాడు. ఆ ఆదేశం అనుచరులకు వినిపించలేదు. 1878 మే నెలలో శివనాథశాస్త్రి, ఆనందమోహన్ వసు మొదలైనవారు విడిపోయి సాధారణ బ్రాహ్మసమాజాన్ని స్థాపించినారు. ఒక్క గురువు మాటపై నడిచే సమాజం ఎక్కడికి పోవునో చూచినవారు కాబట్టి, దానికి లిఖిత నియమావళినీ, ఎన్నికైన కార్యవర్గాన్నీ ఏర్పరచినారు.

మతాలను గూర్చిన సమాజశాస్త్రం చదివినవారికి ఈ కథలోని మలుపులు సుపరిచితాలు. మహాపురుషుని వ్యక్తిత్వంలోని దివ్యాకర్షణ కాలక్రమాన నియమావళిగా, కార్యాలయంగా, జీతం పుచ్చుకొనే ఉద్యోగంగా గడ్డకట్టుకుపోతుందని జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ వివరించినాడు. ఆయన మిత్రుడు ఎర్న్‌స్ట్ ట్రోల్చ్ 1912లో ప్రకటించిన గ్రంథంలో క్రైస్తవ ధార్మిక జీవనాన్ని మూడు తరగతులుగా విభజించినాడు. పుట్టుకతోనే మనిషిని తనలో చేర్చుకొనే చర్చి మొదటిది. తెలిసి, కోరి, పరీక్షకు నిలిచి చేరవలసిన శాఖ రెండవది. ఏ సంస్థతోనూ పనిలేక ఒంటరిగా తన లోపలి అనుభవాన్ని నమ్ముకొన్న మార్మికత్వం మూడవది. పదిహేడేండ్ల తరువాత అమెరికాలో రిచర్డ్ నీబుర్ మరొక అడుగు వేసి, శాఖ అనేది నిజమైన అర్థంలో ఒక్క తరమే జీవించగలదన్నాడు. తండ్రి సర్వం త్యజించి చేరినదానిలో కుమారుడు ఊరకే పుడతాడు. పుట్టినవాడిని చేర్చుకొనక తప్పదు. చేర్చుకొన్ననాడు అది పాత చర్చి వంటిదే అవుతుంది. ఆంగ్ల పండితుడు బ్రయన్ విల్సన్ 1959లో దీనిని సవరించి, కొన్ని శాఖలు తరతరాలుగా తమ వేరుదనాన్ని కాపాడుకొంటూనే ఉన్నవని చూపినాడు. ట్రోల్చ్ గ్రంథం కంటే రెండేండ్లు ముందుగా, నీబుర్ గ్రంథం కంటే దాదాపు రెండు దశాబ్దాలు ముందుగా గ్రంథరూపం పొందిన ‘గోరా’లో ఈ తరగతులన్నీ మనుష్యుల రూపంలో కూర్చుని తేనీరు త్రాగుతున్నవి. ఇందులో రవీంద్రుని జోస్యశక్తి ఏమీ లేదు. ఆయన ఆ ఇండ్లలో పెరిగినవాడు.

పరేశబాబు భార్య వరదాసుందరిని చిత్రించిన తీరులో ఈ ఎరుక అంతా కనిపిస్తుంది. ఆమె పల్లెటూరి ఆచారాల మధ్య పెరిగి, వయస్సు కొంత గడచిన తరువాత ఒక్కసారిగా కాలంతో సమానంగా నడవాలని ఆత్రపడిన స్త్రీ. ఆమె పట్టుచీర, ఎత్తు మడమల జోడు నవలాకారునికి కొంచెం హాస్యానికి పనికివచ్చినవి. అయితే హాస్యం వెనుక పదునైన పరిశీలన ఉన్నది. లోకంలోని వస్తువులలో బ్రాహ్మమేది, అబ్రాహ్మమేది అన్న విచక్షణ ఆమెకు క్షణమైనా ఏమరదు. మడి కట్టుకొన్న ముత్తైదువ అంటునూ ముట్టునూ పాటించే శ్రద్ధ ఇదే. వస్తువులు మారినవి, శ్రద్ధ మారలేదు. ఆ ఇంట పెరుగుతున్న అనాథబాలిక పేరు రాధారాణి. ఆ పేరులో వైష్ణవవాసన ఉన్నదని కాబోలు, ఆమెను సుచరితగా మార్చినారు. పరేశబాబు మాత్రం ఏకాంతంలో ఆమెను పాత పేరుతోనే రాధా అని పిలుస్తాడు. భర్తకు బ్రాహ్మధర్మం ఒక ఉపాసన. భార్యకు అది ఒక కులం. ఒకే కప్పు క్రింద, ఒకే మంచంపై, ఒకే మతం రెండు విధాలుగా జీవిస్తున్నది. వెబర్ మూడు సంపుటాలలో చెప్పినదానిని రవీంద్రుడు ఒక పిల్ల పేరులో పెట్టినాడనుట అతిశయోక్తి కావచ్చును గాని, నవల చేయగలిగిన పని మాత్రం ఇదే.

హారానుబాబు చిత్రణ దగ్గరకు వచ్చేసరికి చిక్కు ఎదురవుతుంది. పాఠశాలలో ఉపాధ్యాయుడు, పత్రికకు సంపాదకుడు, బాలికల పాఠశాలకు కార్యదర్శి. సమాజంలో ఆయన పలుకుబడి పెద్దది. సుచరితకు కాబోయే భర్త తానేనన్న నమ్మకంతో ఆమె నడవడిని దిద్దుతూ ఉంటాడు. లలిత కోపంతో మేజిస్ట్రేటు ఇంటి నాటకాన్ని విడిచి, వినయునితో ఒకే స్టీమరులో కలకత్తాకు తిరిగివచ్చిన సంగతిని నలుగురిలో పొక్కించి, కన్యల కీర్తిని ఆయుధంగా వాడుకొంటాడు. శాఖ తన సభ్యులను అదుపులో పెట్టే సాధనాలు ఏవో ఆయన ప్రవర్తనలో జాబితాకెక్కినట్లు కనిపిస్తాయి. పత్రికలో పేరులేని వ్యాఖ్య, హితవు చెప్పే ఉత్తరం, పాఠశాల నుండి పిల్లలను మాన్పించడం, ప్రార్థన పేరిట పదిమంది ముందు చేసే మందలింపు. చిన్న సమాజంలో ప్రతివాడూ ప్రతివాని గుమ్మంవైపు చూస్తూ ఉంటాడు. 1911 జనాభా లెక్కలలో దేశం మొత్తం మీద బ్రాహ్మమతస్థులుగా నమోదైనవారు ఆరువేలకు లోపే. అంత చిన్న కూటమిలో పుకారు చేరని ఇల్లు ఉండదు.

ఇంతవరకు ఒప్పుకోవచ్చును. కాని హారానుబాబులో ఒక్క మంచి ఊహ అయినా నవలాకారుడు ఉంచలేదు. ఆయన ఇంగ్లీషువారి మెప్పుకు ఆశపడుతాడు, స్వదేశీయులను తిడతాడు, అసూయతో పండిపోతాడు. పాఠకునికి ఆయనపై ఒక్కసారి కూడా జాలి కలగదు. సాధారణ బ్రాహ్మసమాజపు చరిత్ర తెలిసినవారు ఈ చిత్రాన్ని పూర్తిగా మన్నించలేరు. హారానుబాబు చేసే వృత్తులే, అనగా ఉపాధ్యాయత్వం, పత్రికా సంపాదకత్వం, బాలికా పాఠశాల నిర్వహణ, ఆ సమాజంలో ద్వారకానాథ గంగూలీ కూడా చేసినాడు. ఆయన అస్సాం తేయాకు తోటల కూలీల దుస్థితిని బయటపెట్టినవాడు. ఆయన భార్య కాదంబిని 1883లో కలకత్తా విశ్వవిద్యాలయ పట్టం పొందిన తొలి స్త్రీలలో ఒకతె, తరువాత వైద్యురాలు. శివనాథశాస్త్రి జందెం విసర్జించి తండ్రి ఇంటికి దూరమై, ఆ గాయాన్ని జీవితాంతం మోసినాడు. అంతటి నిబద్ధత గల వ్యక్తి ఎక్కడైనా కొంచెం కటువుగా, సంకుచితంగా మారితే ఆ కటుత్వానికి కారణం ఉంటుంది. తాను చెల్లించిన మూల్యాన్ని ఇతరులు చౌకగా ఎగవేస్తున్నారన్న బాధ అది. హారానుబాబుకు అటువంటి గతం ఒక్క వాక్యమైనా ఇచ్చి ఉంటే, లలితకూ ఆయనకూ మధ్య సంఘర్షణ రెండింతలు బలపడేది.

రవీంద్రుడు ఈ వివాదంలో తటస్థుడు కాడని కూడ గుర్తుంచుకోవలెను. ఆయన ఆది సమాజపు బిడ్డ. పదకొండు పన్నెండేండ్ల ప్రాయంలో తండ్రి ఆయనకు ఉపనయనం చేయించినాడు. కేశవుని అనుచరులు తెంచివేసిన యజ్ఞోపవీతమే అది. 1884లో ఆయన ఆది సమాజానికి కార్యదర్శి అయినాడు. కేశవ పక్షంపై, సాధారణ పక్షంపై ఆ ఇంటి చావడిలో వినిపించిన చతురోక్తులు హారానుబాబు పోకడలలో ప్రతిధ్వనిస్తున్నవని అనుకోవడానికి అవకాశం ఉన్నది. అంతేకాదు, ఆచరణ విషయంలో రవీంద్రుని చరిత్ర కూడ ఒక్క గీతలో నడచినది కాదు. 1901లో పెద్దకుమార్తెలిద్దరికీ చిన్నవయస్సులోనే వివాహాలు చేసినాడు. 1910లో, ‘గోరా’ గ్రంథంగా వచ్చిన ఏడే, కుమారుడు రథీంద్రునికి బాలవితంతువైన ప్రతిమాదేవితో వివాహం జరిపించినాడు. ఈ రెండు తేదీల నడుమ నవల పుట్టినది. సంఘాన్ని సంస్కరించవలసినది లోపల ఉండియా, వెలుపలికి వెళ్ళియా అన్న ప్రశ్న రచయితకు పుస్తకాలలోని ప్రశ్న కాదు.

నవలలో ఆ ప్రశ్న లలితావినయుల వివాహంలో తీవ్రరూపం దాల్చుతుంది. ఇక్కడ చట్టం సంగతి కొంత చెప్పక తప్పదు. బ్రాహ్మ వివాహాలలో హోమం, విగ్రహం లేవు. కాబట్టి అవి న్యాయస్థానంలో చెల్లునా అన్న సందేహం ఉండేది. కేశవపక్షం బ్రాహ్మవివాహ చట్టం కోరినది. తాము హిందువులమేననీ, వేరు చట్టం తమకు అక్కరలేదనీ ఆది సమాజం అడ్డుచెప్పినది. తుదకు 1872లో వచ్చిన మూడవ చట్టం ఎవరి పేరూ ఎత్తలేదు. కాని దాని క్రింద పెండ్లాడేవారు తాము హిందూ, క్రైస్తవ, ముసల్మాను, పారశీక, బౌద్ధ, సిక్కు, జైన, యూదు మతాలలో దేనినీ అవలంబించినవారము కామని ప్రకటించవలెను. తానేమిటో చెప్పుకోవడానికి అవకాశం లేదు, తానేది కాడో మాత్రం సంతకం చేయవలెను. ఒక కొత్త మతాన్ని రాజ్యం గుర్తించిన విధానం ఇది! హిందూ, బౌద్ధ, సిక్కు, జైనుల విషయంలో 1923లో ఈ నిర్బంధం సడలినది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంతో పూర్తిగా తొలగిపోయినది.

ఈ పూర్వరంగంలో వినయుని సంకటాన్ని చదవవలెను. వినయుడు తల్లిదండ్రులు లేనివాడు, సున్నితమైన మనస్సు గలవాడు, ఎదుటివాని వాదంలోని సత్యాన్ని వెంటనే చూడగలవాడు. అందుచేత ఎటూ తేల్చుకోలేనివాడు. లలితపై నింద పడినది తనవలననే కాబట్టి బ్రాహ్మదీక్ష తీసుకొని ఆమెను వివాహమాడుతానంటాడు. వరదాసుందరికి ఇది విజయం. ఆమె దృష్టిలో దీక్ష ఒక పత్రం. పరేశబాబుకు మాత్రం ఇది అపరాధం వలె తోస్తుంది. నమ్మకం కొరకు కాక వివాహం కొరకు తీసుకొన్న దీక్ష దేవుని యెడల అసత్యం. వినయుని చేత అసత్యమాడించడానికి వీలులేదని చివరకు తేల్చిచెప్పినది లలిత. ఆమె సాధించవలసినది చాలా ఉన్నది: ప్రేమించినవాడు, తన మానం, తల్లి ఆమోదం. ఒక్క సంతకంతో మూడూ చేతికి వస్తాయి. ఆమె దానిని త్రోసివేస్తుంది. తన మతాన్ని తాను విడువదు, అతని సంఘాన్ని అతనిచేత విడిపించదు. భిన్న సంఘాలకు చెందిన ఇద్దరు, భిన్నంగానే ఉండి భార్యాభర్తలు కాలేరా అని ఆమె అడిగిన ప్రశ్నకు నాడు చట్టంలో చోటు లేదు, బ్రాహ్మసమాజంలో లేదు, హిందూ సంఘంలో అసలే లేదు. ఆ వివాహం తుదకు ఆనందమయి ఆదరణలో జరుగుతుంది. పరేశబాబు ఆశీర్వదిస్తాడు, ఆయన సమాజం ఆయనను వెలివేసినంత పని చేస్తుంది. గోరా ఆ వివాహానికి దూరంగా ఉంటాడు.

శాఖలో పుట్టిన రెండవ తరం ఆ శాఖను పాత కులంగా మార్చివేస్తుందని నీబుర్ సిద్ధాంతం. వరదాసుందరి దానికి నిదర్శనం. కాని రెండవ తరంలోనే లలిత వంటిది కూడ పుట్టునని ఆ సిద్ధాంతం ఊహించలేదు. తండ్రి తన యౌవనంలో ఇల్లు విడిచి సాధించినదానిని కుమార్తె ఇంట్లోనే పుట్టి, ఇంటివారికే వ్యతిరేకంగా మళ్ళీ సాధించవలసి వచ్చినది. నవలలోని స్త్రీపాత్రలలో లలితను కొందరు కేవలం కోపిష్ఠిగా పరిగణించి, శాంతస్వభావ అయిన సుచరితను కొనియాడుతారు. అది సరికాదు. సుచరిత ప్రతి మలుపులోను ఒక గురువును వెదకుకొంటుంది. మొదట పరేశబాబు, తరువాత గోరా. లలితకు గురువు అక్కరలేకపోయినది.

నవలలో ఎదురుపక్షాన్ని, అనగా ఆచారవంతమైన హిందూ గృహాన్ని, రవీంద్రుడు అంతకంటె కరుణతో చూచినాడని కొందరి ఆక్షేపణ. హరిమోహిని కథ చదివితే అది నిలువదు. సుచరితకు పినతల్లి అయిన ఈ వితంతువు అత్తవారింట నానా కష్టాలు పడి, ఆస్తి పోగొట్టుకొని, విగ్రహాన్ని వెంటబెట్టుకొని పరేశబాబు ఇంటికి వస్తుంది. బ్రాహ్మగృహంలో విగ్రహపూజ! వరదాసుందరి సాధింపులు, ఆమెకు నీళ్ళు దొరకకుండా చేయడం, వచ్చినవారి ముందు చిన్నబుచ్చడం పాఠకుని కంట నీరు తెప్పిస్తాయి. ఇక్కడ మన సానుభూతి పూర్తిగా విగ్రహం వైపునకు మొగ్గుతుంది. అప్పుడు నవలాకారుడు దృశ్యాన్ని తిప్పుతాడు. సుచరితకు సొంత ఇల్లు ఏర్పడి, హరిమోహిని అక్కడ పెత్తనం చేపట్టగానే ఆమెలో మరొక వరదాసుందరి మేల్కొంటుంది. ఎవరు రావచ్చును, ఎవరి చేతి నీరు పనికివచ్చును, సుచరితను తన మరిదికి ఎట్లా కట్టబెట్టవలెను అన్నవే ఆమె ఆలోచనలు. ఇందుకు గోరా చేతనే సుచరితకు హితోపదేశపు ఉత్తరం వ్రాయించుకొంటుంది. బాధపడినవారు బాధపెట్టడం నేర్చుకోవడానికి అధికారం చేతికి రావడమొక్కటే చాలును. ఈ భాగంలో రవీంద్రుడు ఏ పక్షాన్నీ కాచుకోలేదు. హారానుబాబు విషయంలో లోపించిన న్యాయబుద్ధి ఇక్కడ నిండుగా ఉన్నది.

పరేశబాబు మాటకు వస్తే, ట్రోల్చ్ చెప్పిన మూడవ తరగతి మనిషికి ఇంతకంటె చక్కని చిత్రం భారతీయ నవలలో అరుదు. ఆయన ప్రొద్దున తోటలో ఒంటరిగా కూర్చుంటాడు. ఎవరితోనూ వాదించడు. ఎవరినీ తన మార్గంలోకి పిలువడు. అటువంటివాడు కొత్త మతానికి ప్రాణం, కాని దానికి గోడలు కట్టలేడు. గోడలు కట్టేవారు హారానుబాబులే. ఆయన మంచితనంలో నవలాకారుడు ఒక బలహీనతను కూడ చూపి ఉండవలసినది. ఇంటిలో హరిమోహినికి అవమానం జరుగుతున్నా ఆయన మౌనం వహిస్తాడు. భార్య కుమార్తెలచేత దొరల ముందు ఇంగ్లీషు పద్యాలు వల్లె వేయిస్తున్నా అడ్డుపడడు. ఒంటరి ఉపాసకుని ప్రశాంతి ఇంటివారికి ఎంత ఖరీదైనదో నవలలో సూచనగా ఉన్నదే కాని, ఎవరూ దానిని ఆయన ముఖం మీద అనరు.

పరేశబాబు వంటివారు నేడు సమాజశాస్త్రజ్ఞుల దృష్టిని మరింతగా ఆకర్షిస్తున్నారు. 1972లో కోలిన్ కాంప్‌బెల్ అనే ఆంగ్ల పండితుడు, కొత్త మతశాఖలను ఒక్కొక్కటిగా కాక, అవి పుట్టి గిట్టే మడుగును పరిశీలించవలెనని సూచించినాడు. శాఖలు నశించినా అన్వేషకులు ఒక గుంపు నుండి మరొక గుంపునకు సాగిపోతూనే ఉంటారు. పాల్ హీలాస్, లిండా వుడ్‌హెడ్ అనువారు ఇంగ్లండులోని కెండల్ పట్టణాన్ని శోధించి, 2005లో ప్రకటించిన గ్రంథంలో, సంస్థాగత మతం క్షీణిస్తూ ఉండగా వ్యక్తిగతమైన ఆధ్యాత్మిక సాధనలు వృద్ధిపొందుతున్న తీరును వర్ణించినారు. పాశ్చాత్యులకు ఇది నూతన పరిణామం వలె తోచినది. 1880 నాటి కలకత్తాకు ఇది దినచర్య. 1875లో రామకృష్ణ పరమహంస బేల్‌ఘరియా తోటకు వెళ్ళి కేశవుని కలుసుకొన్నాడు. విజయకృష్ణ గోస్వామి బ్రాహ్మ ప్రచారకుడై ఊరూరా తిరిగి, చివరకు ఆ సమాజాన్ని వదలి వైష్ణవభక్తిలో లీనమైనాడు. నరేంద్రనాథ దత్తుడు సాధారణ బ్రాహ్మసమాజంలో పాటలు పాడి, అటనుండి పరమహంస పాదాలను చేరినాడు. 1879లో దివ్యజ్ఞాన సమాజంవారు ఓడ దిగినారు. ఈ మడుగు అంతా ‘గోరా’లో లేదు. దక్షిణేశ్వరం పేరైనా వినిపించదు. నవలాకారుడు రెండు కోటలను ఎదురెదురుగా నిలిపి, నడుమ ప్రవహించే ఏరును కప్పివేసినాడు. బాల్యంలో కేశవుని ఉపన్యాసాలకు ముగ్ధుడైన గోరా, ఒక పాదిరితో వాగ్వాదం పెరిగి హిందూధర్మ రక్షకుడుగా మారిన వృత్తాంతం ఒక్కచోట సంగ్రహంగా చెప్పబడినది. అది విస్తరించి ఉంటే ఆ ఏరు కొంతైనా కనిపించేది.

తెలుగుదేశంలో కూడ ఈ ఏరు పారినది. వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో 1881లో వితంతువివాహం జరిపించే నాటికి ప్రార్థనాసమాజం అక్కడ నెలకొన్నది. కాకినాడ కళాశాలలో రఘుపతి వెంకటరత్నంనాయుడు విద్యార్థులను బ్రాహ్మధర్మం వైపు ఆకర్షించినాడు. యౌవనంలో ఆ గాలి సోకి జందెం తెంచుకొన్న చలం, సమాజంపై తిరుగుబాటు సాహిత్యం సృష్టించి, 1950లో అరుణాచలం చేరి రమణాశ్రమం నీడలో శేషజీవితం గడిపినాడు. ఆ ప్రయాణాన్ని పతనమని కొందరు, పరిణతి అని కొందరు వాదించుకొంటూ ఉంటారు. వాదులిద్దరూ అతడు ఒక కోటను విడిచి మరొక కోటకు పోయినాడనే తలుస్తారు. అన్వేషకునికి కోటలతో పని లేదన్న సంగతి చలం విషయంలోనూ ఎవరికీ తట్టినట్లు లేదు.

సంస్థలకు మాత్రం కోటలతో పని ఉన్నది. తాము హిందువులమా కామా అని 1872లో ఆది సమాజానికీ కేశవపక్షానికీ నడచిన వివాదం స్వతంత్ర భారతదేశపు న్యాయస్థానాలలో మళ్ళీ మళ్ళీ తలెత్తినది. స్వామినారాయణ సత్సంగులు తమది హిందూమతానికి వేరైన సంప్రదాయమని వాదించినారు. ఆ వాదం ఫలిస్తే హరిజనులకు ఆలయప్రవేశం కల్పించిన చట్టం తమ మందిరాలకు వర్తించదని వారి ఆశ. 1966లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది. తరువాత రామకృష్ణ మిషన్ తన విద్యాసంస్థలపై ప్రభుత్వ జోక్యాన్ని తప్పించుకోవడానికి అల్పసంఖ్యాక మతంగా గుర్తింపు కోరినది. సర్వమతాలలోని సత్యాన్ని బోధించిన మహనీయుని పేరిట వెలసిన సంస్థ అది! 1995లో సుప్రీంకోర్టు దానిని కూడ కాదన్నది. రెండు సందర్భాలలోను అడిగినది దేవుని గురించి కాదు. తలుపు ఎవరికి తెరవవలెను, పాఠశాల ఎవరి చేతిలో ఉండవలెను అని. వరదాసుందరి అడిగినవీ ఇవే.

1912లో రవీంద్రుడు ‘ఆత్మపరిచయం’ అన్న వ్యాసంలో బ్రాహ్మలు హిందువులేనని వాదించినాడు. మతం మారవచ్చును, కాని మనిషి పుట్టిన చరిత్ర మారదని ఆ వాదసారాంశం. ‘గోరా’ ముగింపును ఈ వ్యాసం పక్కన పెట్టి చూస్తే పెద్ద వైరుధ్యం కనిపిస్తుంది. గోరా తాను పుట్టిన చరిత్ర తనది కాదని, తాను ఐరిష్ దంపతుల బిడ్డనని తెలిసిన మరుక్షణమే సంకెళ్ళు తెగినవాడవుతాడు. చర్‌ఘోష్‌పూర్‌లో ముసల్మాను పిల్లవానిని పెంచుకొన్న మంగలి ఇంట నీరు త్రాగినప్పుడు, పల్లెల్లో ఆచారం మనుష్యులను కలపక విడదీయడం చూచినప్పుడు ఆయన నమ్మకంలో బీటలు పడినవి. పాఠకుడు ఆ బీటల గుండా ఆయన తనంతట తాను వెలుపలికి రావాలని ఎదురుచూస్తాడు. అంతలో తండ్రి రోగశయ్యపై రహస్యం బయటపడి, గోరాకు నిర్ణయం చేసే అవసరమే తప్పిపోతుంది. ఏ జాతిలోను, ఏ కులంలోను పుట్టకపోవడం చేత ఆయన అందరివాడైనాడు. కులంలో పుట్టినవానికి ఆ సౌలభ్యం లేదు. దేశంలోని వినయులకు, లలితలకు ఏ రోగశయ్య నుండీ అటువంటి వార్త రాదు. నవల నిర్మాణంలో ఈ మలుపు అద్భుతం. ఆలోచనలో మాత్రం ఇది తప్పించుకొనుట.

అయినా గోరా ఆ వార్త వినగానే పరిగెత్తినది ఎక్కడికో చూడవలెను. హిందూ సభకు కాదు, బ్రాహ్మమందిరానికి కాదు. ప్రయాణానికి పెట్టె సర్దుకొంటున్న పరేశబాబు వద్దకు. రెండు సంఘాలలోను స్థానం లేని వృద్ధుని శిష్యునిగా తనను స్వీకరించమంటాడు. అక్కడనుండి ఇంటికి వచ్చి ఆనందమయి పాదాల వద్ద కూర్చుంటాడు. ఇన్నాళ్ళు ఏ దాసి కారణంగా తల్లి గదిలో భోజనం మానినాడో, చిన్ననాట జబ్బుపడినప్పుడు సేవచేసి తనను బ్రతికించుకొన్న ఏ దాసిని ఇంటి నుండి పంపివేయమన్నాడో, ఆ క్రైస్తవురాలు లఛ్మియాను పిలిచి ఒక గ్లాసు నీళ్ళు తెమ్మని చెప్పమంటాడు. ఆనందమయి వినయుని పిలిపిస్తానంటుంది. నవల అక్కడితో ఆగుతుంది. ఈ ఆరువందల పుటలలో దేవుని గూర్చి, దేశాన్ని గూర్చి, ఆచారాన్ని గూర్చి మాట్లాడనివారు లేరు, ఒక్క లఛ్మియా తప్ప. ఆమె నీళ్ళు తెచ్చినదీ లేనిదీ రవీంద్రుడు చెప్పలేదు.